డ్రమ్ముల మలుపు కాడ

బాసగూడ అవతల చింతగుంపు నుంచి వాగు దాకా వచ్చే మట్టిదారిలో ఒక మలుపు ఉంది. డ్రమ్ముల మలుపు అంటారు. పగటిపూట చూస్తే భయపడడానికి అక్కడ ఏమీ కనిపించదు. ఇసుక నింపి పేర్చిన తారు డ్రమ్ములు, చివికిపోయిన బస్తాలు, వాటి సందుల్లోంచి లేచిన తంగేడు మొక్కలు — అంతే. ఒకప్పుడు అక్కడ పోలీసు క్యాంపు ఉండేది. క్యాంపు లేచి వాగు అవతలికి పోయి ఏళ్ళయింది. డ్రమ్ములు మాత్రం లేవలేదు.

రాత్రయితే ఆ మలుపు వేరు.

ఈ అడవుల్లో చీకట్లో బండి నడిపే ప్రతివాడికీ తెలిసిన కట్టుబాటు ఒకటుంది. క్యాంపు దగ్గర పడగానే ముందు లైట్లు ఆర్పాలి, లోపలి లైటు వేయాలి. తుపాకీ పట్టుకుని నిలబడ్డవాడి కళ్ళలో వెలుగు పడకూడదు. బండిలో కూర్చున్నవాళ్ళ మొఖాలు మాత్రం అతనికి కనిపించాలి. సరే, క్యాంపు ఉన్నచోట ఇది అర్థమవుతుంది. క్యాంపే లేనిచోట? డ్రమ్ముల మలుపు దగ్గర ఇప్పటికీ ట్రాక్టర్లూ జీపులూ ముందు లైట్లు ఆర్పుకుని, లోపల దీపం వెలిగించుకుని, ఖాళీ డ్రమ్ములకు మొఖాలు చూపించి పోతాయి.

ఎందుకంటే — ఆర్పకుండా పోయిన బండి ఒకటుందట.

ఆ బండి మీద ఎవరో కాల్చారు. ఎవరు కాల్చారన్నది మీరు ఎవరిని అడుగుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. బండిలో ఎవరున్నారన్నది మాత్రం ఎవరినడిగినా ఒకటే జవాబు — తెల్వది. పేర్లు లేనివాళ్ళు చచ్చిపోతే ఇంతే, దెయ్యాలుగానే లెక్కలోకి వస్తారు. అక్కడ తిరిగేది డ్రైవరని కొందరు, కాపలా సంత్రీ అని కొందరు, కోళ్ళ గంప ఎత్తుకుని సంతకు పోతున్న ముసలాయనని కొందరు చెబుతారు. మనిషే కాదు, దగ్గు ఒక్కటే వినిపిస్తుందనేవాళ్ళూ ఉన్నారు.

ఒక్క మాట మీద మాత్రం అందరూ కలుస్తారు. అక్కడ బండి ఆపొద్దు. మొఖం చూపించు... పో.

రామనర్సయ్య ఆపాడు. కావాలని ఆపలేదు.

*

రామనర్సయ్యది చింతగుంపే. కొంచెం వరి పొలం, తునికాకు సీజన్లో ఆకు, మిగతా రోజులన్నీ ఆ జీపు. బీజాపూర్‌లో నీలామీ, అంటే వేలం, పెడితే తెచ్చుకున్న పాత ఫోర్‌వీల్ జీపు అది. తెచ్చాడంటే నడుపుకుంటూ అనుకునేరు, ట్రాక్టరుకు తాడేసి లాక్కొచ్చాడు. ఆ రోజు ఊరంతా నవ్వింది. పక్కింటి కోస జీపు చుట్టూ ఒక చుట్టు తిరిగి, "మామా, దీనికి గడ్డి వేస్తవా, కుడితి పెడ్తవా?" అని అడిగాడు. భార్య రామక్క అయితే జీపుతో మాట్లాడడమే మానేసింది. నాకు కట్టిన తాళి దానికి కట్టి ఉంటే సరిపోయేది అని, ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పుకుంది.

కానీ అతను ఊరికే తెచ్చుకోలేదు.

అంతకు ముందు వానాకాలం కోస చెల్లెలు ఆయతిని నొప్పులతో మంచం మీద వేసి, కావడి కట్టి, మోసుకుంటూ బయల్దేరారు. వాగు దగ్గరికి వచ్చేసరికి మోసేవాళ్ళ భుజాల మీద బరువు మిగిలింది, మనిషి మిగల్లేదు. ఆ కావడికి ముందు భుజం రామనర్సయ్యదే.  తర్వాత నీలామీ సంగతి వినగానే బర్రెను అమ్మేశాడు. ఇక మీదట మా ఊరి ఆడోళ్ళెవరూ భుజాల మీద పోవద్దు — అదొక్కటే అతని పట్టు.

మెకానిక్ లేడు, షెడ్డు లేదు. చింతచెట్టు కొమ్మకు గొలుసు కట్టి ఇంజన్ దింపాడు. కమాన్ కట్టల్లో అదనంగా పట్టీలు దూర్చి బండిని జానెడు పైకి లేపాడు. వాగు దాటేటప్పుడు ఇంజన్ నీళ్ళు తాగకుండా, గాలి పీల్చడానికి బోరు పైపు ఒకటి అద్దం పక్క నుంచి టాపు దాకా నిలబెట్టాడు. ఆ పైపు చూసి పిల్లలు బండికి ఏనుగు అని పేరు పెట్టారు. వెనక సీట్లు పీకేసి, నులక మంచం కాళ్ళు కోసి, నాలుగు మూలలా సైకిల్ ట్యూబులతో వేలాడదీశాడు. ఎంత గుంతలో పడ్డా పడుకున్న మనిషి ఊగుతుందే తప్ప ఎగిరిపడదు.

ఈ పనులన్నిటికీ అతని పక్కన కూర్చున్నది కూతురు దీప. పానాల నంబర్లన్నీ ఆమెకు నోటికి వచ్చు. బండి కింద పడుకున్న తండ్రికి ఏ పానా కావాలో అడగకముందే చేతిలో పెట్టేది. జీపును ఆమె పెద్దన్న అనేది.

ఇక ఆ స్విచ్చి.

కొంటా దాకా పోయి వస్తూ ఒక రాత్రి రామనర్సయ్య క్యాంపు ముందు లైట్లు ఆర్పడం మరిచిపోయాడు. ఏమీ కాలేదు. ఒక అరుపు, ఒక విజిల్, గుండెల మీద తుపాకీ గురి ఎర్రచుక్క లాంటిది ఏదో కదిలినట్టు అనుమానం — అంతే. ఇంటికి వచ్చాక మాత్రం కలిపిన అన్నం తినకుండా లేచాడు. తెల్లారి ఆవపల్లి సంతకు పోయి, మేడమెట్ల దగ్గర పైనొకటి కిందొకటి బిగించే రకం స్విచ్చి ఒకటి తెచ్చాడు. పైకి నొక్కితే ముందు లైట్లు. కిందికి నొక్కితే లోపలి లైటు. ఒకటి వెలిగితే రెండోది ఆరాల్సిందే. వేడికి స్విచ్చి కరిగిపోకుండా రిలే కూడా పెట్టాడు. మరిచిపోదామన్నా మరిచిపోవడానికి వీల్లేని పని.

చూసినవాళ్ళంతా శభాష్ అన్నారు. ఆవపల్లి జీపులవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి నేర్చుకుపోయారు కూడా. రెండు లైట్లూ ఒకేసారి ఎప్పుడు కావాలి అని ఒక్కరూ అడగలేదు. ఎందుకడుగుతారు? వేరే ఏ ఊళ్ళోనైనా అడిగేవాళ్ళు. దారి చూసుకుంటూ పక్కమనిషి మొఖం కూడా చూసుకోవచ్చన్న సంగతే ఈ దారుల్లో తిరిగేవాళ్ళు మరిచిపోయి ఎన్నాళ్ళయిందో!

*

దీప తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అల్లుడు శ్యామ్‌ప్రసాద్ గోదావరి అవతల కూలిపనికి పోయాడు. నెలలు నిండకముందే, భాద్రపదం వాన పట్టుకున్న ఒక సాయంత్రం, నొప్పులు మొదలయ్యాయి. ఊళ్ళో కాన్పులు చేసే జోగి ముసలమ్మ పొట్ట మీద చెయ్యి వేసి, చెయ్యి తీసి, రామక్క మొఖంలోకి చూసింది. తీసుకపొండి అంది. 

ఫోన్ చేయాలంటే గుట్టెక్కాలి. ఎక్కి చేసినా అంబులెన్సు వాగు అవతలి దాకే. రామనర్సయ్య ఆ లెక్కలు వేసుకోనే లేదు. నాలుగు చక్రాలూ లాగేలా ముందు చక్రాల హబ్బులు ఇంటి దగ్గరే లాక్ చేసేశాడు, దారిలో దిగే పని లేకుండా. కోస వచ్చి దీపను మంచంతో సహా ఎత్తి ట్యూబులకు తగిలించాడు. రామక్క తలదగ్గర కూర్చుంది.

కోస కిటికీలోకి వంగి గొంతు తగ్గించాడు.

"మలుపు కాడ ఆపకు మామా."

"నాకు తెల్వదా?"

"తెలుసనుకో. అయినా చెప్తున్న."

బండి కదిలింది. ముందు లైట్ల వెలుగులో వాన దారాలుగా పడుతోంది. దారి ఎక్కడుందో గుంత ఎక్కడుందో తెలియని ఎర్రనీళ్ళు. వెనక — కటిక చీకటి.

"ఉయ్యాల మంచిగుంది నాయినా," అంది దీప చీకట్లోంచి. "పెద్దన్న ఇయ్యాల అలుగుతలేడు."

రామనర్సయ్య నవ్వాడు. చానా రోజులకు రామక్క కూడా జీపును ఒక మంచి మాట అంది. తర్వాత కాసేపు తల్లీకూతుళ్ళు గుసగుసలాడుకున్నారు. నొప్పి వచ్చినప్పుడల్లా మంచం ట్యూబులు కిర్రుమంటున్నాయి. ఆ చప్పుడును బట్టే అతనికి నొప్పి తెలుస్తోంది.

"చలేస్తుందమ్మా," అంది దీప. కొంచెం సేపటికి మళ్ళీ, "కింద అంతా తడి... వాన లోపలికొస్తుందా?"

ఉమ్మనీరు బిడ్డా, అంది రామక్క. చేత్తో తడిమి చూసింది. చీకట్లో తడి తడిగానే ఉంటుంది, దానికి రంగుండదు. ఒకసారి లైటు వేయమని భర్తను అడిగింది. అతను వేస్తే దారి ఆరిపోతుంది. ఎడమ పక్క వాననీళ్ళు కోసిన ఒర్రె, కుడి పక్క ఊడిపోయిన గట్టు. ఇక్కడ ఆపితే బురదలో దిగబడి మళ్ళీ లేవదని, మలుపు దగ్గర ఎలాగూ వేయాల్సిందే కదా, అప్పుడు చూసుకొమ్మని చెప్పాడు. ఆమె సరేనంది.

మలుపు వచ్చింది.

వానలో డ్రమ్ములు నల్లగా, వంగి కూర్చున్న మనుషుల్లా ఉన్నాయి. రామనర్సయ్య స్విచ్చి కిందికి నొక్కాడు. దారి మాయమైంది. వెనక పసుప్పచ్చటి దీపం వెలిగింది. ఇక్కడ దారి చేతులకు కంఠతా వచ్చు, చూడక్కర్లేదు. మొదటి గేరులో మెల్లగా, ఖాళీ డ్రమ్ములకు మొఖం చూపిస్తూ...

ఇంజన్ ఒక్కసారి దగ్గింది.

ఇంకోసారి.

ఆగిపోయింది.

వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సెల్ఫ్ కొట్టాడు. గిర్రుమంది, అందుకోలేదు. డీజిల్ లైన్లో గాలి పట్టిందని అతనికి ఆ చప్పుడులోనే అర్థమైంది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే కాళ్ళు కదలవని భయం. వంపు తిరిగిన ఆ డీజిల్ గొట్టం తను బిగించిందే, అది వదులైందంటే తప్పు తనదే. పానా తీసుకుని దూకి, బానెట్ ఎత్తి, ఫోన్ టార్చి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

ఫిల్టరు పక్క బోల్టు వదులు చేసి, చేతిపంపు నొక్కడం మొదలుపెట్టాడు. నురగ వస్తోంది. నొక్కుతున్నాడు. నురగే వస్తోంది. వీపు మీద వాన, వెనకాల డ్రమ్ములు. మెడ మీద ఎవరో చూస్తున్నట్టు... తిరగలేదు. ఎత్తిన బానెట్ అడ్డం, బండిలో ఏం జరుగుతుందో కనిపించదు. రామక్క ఏదో అన్నట్టుంది. వానలో మాట తెగిపోయింది. ఆ తర్వాత వెనక తలుపు గొలుసు గలగలమంది.

ఆమె ఏ అవసరానికో దిగిందనుకున్నాడు. నొక్కుతూనే ఉన్నాడు.

నురగ పోయి డీజిల్ చిక్కగా వచ్చింది. బోల్టు బిగించి, బానెట్ పడేసి, సీట్లోకి ఎగిరి, ముందుగా స్విచ్చి పైకి కొట్టాడు. దారి వెలిగింది, వెనక ఆరింది. సెల్ఫ్ కొట్టాడు. బ్యాటరీ మూలిగింది... మూలిగింది... చివరి మూలుగులో ఇంజన్ అందుకుంది.

ఇక ఇంజన్ ఆపకూడదు. ఆగితే ఈ బ్యాటరీతో మళ్ళీ లేవదు.

"ఎట్లుంది బిడ్డా?" అన్నాడు గేరు వేస్తూ.

రెండో గేరులోకి మార్చాడు.

"దీపా?"

బండి ఒక గుంతలో పడి లేచింది. అప్పుడు వెనక నుంచి, మెల్లగా —

"మంచిగనే ఉన్న నాయినా. పోనీ."

గొంతు బొంగురుపోయింది. నొప్పులు పడి పడి అలసిపోయిందనుకున్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మలుపు దాటేశాం, అన్నాడు. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు.

*

వాగు ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. రామనర్సయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చిన్న రాడ్డు లాగి, నాలుగు చక్రాలనూ లో గేరులోకి దించాడు. నీళ్ళు మెట్టు దాటాయి. బంపర్ మునిగింది. ముందు లైట్లు నీళ్ళలోంచే ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. టాపు మీద బోరు పైపు మాత్రం ఏనుగు తొండంలాగే గాలి పీలుస్తూ, పీలుస్తూ... చక్రాలు అవతలి గట్టు రాళ్ళను పట్టుకున్నాయి.

ఆయతి ఆగిపోయిన చోటు అది. బండి ఆగలేదు.

"చూసినవా బిడ్డా, పైపు పని చేసింది!"

"చూసిన నాయినా."

"నొప్పులెట్లున్నయి?"

"తగ్గినయి."

నొప్పులు తగ్గడం మంచిదో చెడ్డదో అతనికి తెలియదు. మగవాళ్ళకు ఎవరూ చెప్పరు, వాళ్ళూ అడగరు. తగ్గాయన్న మాట చెవిలో పడింది, అది చాలింది. రామక్క ఏమీ మాట్లాడదేమని అడిగాడు. అమ్మ నిద్రపోతుందని దీప గొంతు చెప్పింది. ఇలాంటి రాత్రి నిద్రెట్లా పట్టిందే దానికి, అని గొణుక్కున్నాడు.

గట్టెక్కాక ఒకసారి మొఖం చూసుకోవాలనిపించింది. ఇక్కడ దారి కొంచెం నయం, ఒక్క క్షణం దారి లేకపోయినా ఫరవాలేదు. చెయ్యి స్విచ్చి మీదికి పోయింది.

"లైటెయ్యకు నాయినా... కండ్లు మండుతున్నయి."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పక్కీ సడక్, అంటే తారురోడ్డు, మొదట్లోనే ఇప్పటి క్యాంపు. ఇది ఖాళీ డ్రమ్ముల క్యాంపు కాదు. ఇందులో మనుషులున్నారు, వాళ్ళ చేతుల్లో ఉండాల్సినవి ఉన్నాయి. దూరం నుంచే గేటు కనిపించింది. స్విచ్చి కిందికి నొక్కాలి. నొక్కి తీరాలి. ఇన్నేళ్ళలో ఈ పని చేయని రోజు ఒక్కటే, ఆ రోజు విజిల్ ఇంకా చెవుల్లోనే ఉంది.

"నాయినా, ఎయ్యకు. నీ కాల్మొక్త."

దీప ఎప్పుడూ అలా అనలేదు. కాల్మొక్త అనే పిల్ల కాదు ఆమె. పానా విసిరేసి పోయే పిల్ల. ఆ మాట విన్నాక రామనర్సయ్య చెయ్యి స్విచ్చి దాకా పోలేకపోయింది.

దూరంగా ఆపి, ఇంజన్ రంకె వేయిస్తూ, రెండు చేతులూ కిటికీలోంచి బయటపెట్టాడు.

"డెలివరీ కేస్ హై సాబ్!"

బత్తీ బంద్ కరో, లైట్లార్పు అని అటు నుంచి కేక. విజిల్. ఇనుము మీద ఇనుము కదిలిన చప్పుడు.

"స్విచ్ ఖరాబ్ హై సాబ్!"

తన పనిని తానే ఖరాబ్, చెడిపోయింది అనడం అదే మొదటిసారి. 

బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. టార్చి వెలుగు అతని మొఖం మీద పడి, వానకోటు నీడ పక్కగా నడిచి, వెనక్కి పోయింది. టార్చి లోపలికి తిరిగింది. వెంటనే పక్కకు తప్పుకుంది, చూడకూడనిది చూసినట్టు.  తర్వాత సంత్రీ వాకీటాకీలో మెల్లగా అన్నాడు — "ఏక్ ఆద్మీ, తీన్ ఔరత్. జానే దో."

గేటు లేచింది. ఇన్నేళ్ళలో ఇంత మర్యాదగా ఏ గేటూ లేవలేదు.

తీన్ ఔరత్... ముగ్గురు ఆడవాళ్ళట! రామనర్సయ్యకు నవ్వొచ్చింది. కడుపులో ఉన్నదాన్ని కూడా లెక్కేశాడు సిపాయి! "విన్నవా దీపా? ఆడపిల్లేనంట," అన్నాడు. "పానాలందించ మళ్ళొకతి తయారైతుంది పో."

 వెనక నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. సంతోషంతోనే అనుకున్నాడు.

ఆవపల్లి దాటారు. తడిసిన తారురోడ్డు లైట్ల ముందు మెరుస్తూ పరుగెత్తింది. ఆ దారి పొడుగునా రామనర్సయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ పిల్ల పేరు గురించి, శ్యామ్‌ప్రసాద్‌కు ఫోన్ గురించి, వచ్చే ఏడు బండికి కొత్త టాపు గురించి. నడుమ నడుమ ఊఁ అని వినిపించింది. నిజం చెప్పాలంటే, ఆయతిని మోసిన ఆ రోజు నుంచీ అతను అంత సంతోషంగా ఉన్నది ఆ కొద్దిసేపే.

*

ఆసుపత్రి ముందు ట్యూబులైట్లు తెల్లగా వెలుగుతున్నాయి. ఇక ఏ స్విచ్చితోనూ పని లేదు. నర్సమ్మ, ఇంకొకాయన స్ట్రెచరు తోసుకొచ్చారు. రామనర్సయ్య ఇంజన్ ఆపకుండానే దిగి, పరుగున వెనక్కి వచ్చాడు.

నులక మంచం కింద నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. ఎర్రగా.

నర్సమ్మ దీప మెడ మీద రెండు వేళ్ళు పెట్టింది. రెప్ప ఎత్తి చూసింది. పొట్ట మీద చెవి ఆనించింది, చాలాసేపు. లేచి, ఎప్పటి నుంచి మాట్లాడటం లేదని అడిగింది.

"ఇప్పుడే," అన్నాడు రామనర్సయ్య. "ఇప్పుడే సడక్ మీద ఊఁ అన్నది."

నర్సమ్మ అతన్ని చూడలేదు. రామక్కను చూసింది. రామక్క తల దించుకుంది.

అయినా లోపలికి తీసుకుపోయారు. తలుపు మూశారు. పసిబిడ్డ ఏడుపు ఏమైనా వినిపిస్తుందేమోనని అతను ఆ తలుపు ముందే నిలబడ్డాడు. బయట జీపు ఇంజన్ కొట్టుకుంటోంది. ఎంతసేపు నిలబడ్డా అదొక్కటే వినిపించింది. కాసేపటికి డీజిల్ అయిపోయి అదీ ఆగిపోయింది.

తలుపు తీసి చెప్పాల్సింది చెప్పారు. ఇద్దరూ లేరు. తల్లి ఎప్పుడో పోయింది, వాగు దాటకముందే పోయి ఉంటుంది. బిడ్డ కడుపులో ఇంకొంచెం సేపు బతికి, పోయింది. ఆడపిల్ల.

వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు ఇద్దరూ. రామక్క చేతులు మోచేతుల దాకా ఎండి, నల్లబడ్డాయి. రామనర్సయ్య అడగలేదు. ఆమే చెప్పింది.

"మలుపు కాడ లైటేసినవు కద. అప్పుడు చూసిన. నీళ్ళనుకున్న... నీళ్ళు కాదు. నా దిక్కే చూసుకుంట పోయింది, మాట కూడ లేదు."

"మరి మాట్లాడింది?"

"నేనే."

అతనికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఇంట్లో కూడా ఎన్నోసార్లు గోడ అవతల నుంచి తల్లి పిలిస్తే కూతురనుకుని పలికేవాడు. ఇద్దరిదీ ఒకే గొంతు. పైపు పని చేసిందన్నప్పుడు చూసిన నాయినా అన్నదీ, కాల్మొక్త అన్నదీ, ఆడపిల్లేనంటే ముక్కు చీదిందీ — చచ్చిన బిడ్డ తలను ఒళ్ళో పెట్టుకుని ఈమె. కడుపులో బిడ్డ ఇంకా కదులుతుంటే, ఆ ఒక్క ఆశ మీద, వాగు పొడుగునా, సడక్ పొడుగునా.

"నాకు చెప్పకపోతివి," అన్నాడు. కోపం లేదు. కోపానికి కూడా లోపల ఏమైనా మిగలాలి కదా.

"చెప్పనియ్యలే. చెప్పబోయిన, నోరు మూసింది. లోపటిది ఇంక పానంతో ఉన్నది, ఆయనకు తెలిస్తె బండి దిగి ఏడుస్తడు, ఆగితే మళ్ళ లెవ్వదు, నువ్వే బిడ్డవై మాట్లాడు అన్నది. దీప కాళ్ళకాడ కూసోని, పొట్ట మీద చెయ్యి తియ్యకుంట వచ్చింది ఈడిదాంక. చెయ్యి ఎంత సల్లగుండెనో."

"ఎవలు?"

రామక్క భర్త వైపు వింతగా చూసింది.

"గదే, మలుపు కాడ నువ్వు ఎక్కించుకున్నామె."

రామనర్సయ్య తల తిప్పాడు. వరండా అవతల, వానలో, ఆగిపోయిన జీపు వెనక తలుపు తెరిచే ఉంది.

"మంచి మనిషి పాపం," అంది రామక్క, ఎండిన చేతులను కొంగుతో తుడుచుకుంటూ. "ఆమె కూడ నిండు మనిషే, నెలలు నిండినట్టే ఉన్నది. అందుకే ఎక్కించుకున్నవేమో అనుకున్న. ఈడికి రాంగనే దిగి, ఆ లైట్ల దిక్కు చూసుకుంట చానాసేపు నిలబడ్డది. మా బండి ఆ మలుపు దాటనే లేదు, దవాఖాన గిట్లుంటదా అని అడిగింది నన్ను."